జాతరకు పోయిన గిర్ని ఇంజను

తాండూరులో అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దవాడు దశరథం బట్టల దుకాణం తీసుకున్నాడు. చిన్నవాడు కైలాసం ఒక ఇంజను అడిగాడు.

ఆ ఇంజను అప్పటికి వాళ్లది కూడా కాదు. హైదరాబాదులో మూతబడ్డ ఒక కార్ఖానా వెనక, రేకుల కప్పు కింద పడి ఉండేది. చీరల మూటలు తేవడానికి పట్నం పోయిన కైలాసం దారి తప్పి ఆ గల్లీలోకి వెళ్లి, కావలివాడి చేతిలో బీడీకట్ట పెట్టి, దాని హ్యాండిలు తిప్పి చూశాడు. ఇంజను ఒక్కసారి ఫట్‌మని, నల్లటి పొగ అతని మొహం మీదికే వదిలి, ఊరుకుంది. అతను ఆ మొహంతోనే రైలెక్కి తాండూరులో దిగాడు. చీరల మూటలు తేవడం మరచిపోయాడు.

"నాకు దుకాణంల సగం వద్దన్నా. గా ఇంజను కొనియ్యి, సరిపోతది" అన్నాడు అన్నతో.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. నిజాం రాజ్యమే పోయిన రోజుల్లో ఒక కోమటి పిల్లవాడు గజం కట్టె వదిలి ఇంజను పట్టుకుంటానంటే ఊళ్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దశరథం మాత్రం పట్టించుకున్నాడు. తమ్ముడు దుకాణంలో బట్టలు మడతపెడుతూ కూర్చునే పరుపు మీద ఆ తర్వాత ఎవరినీ కూర్చోనివ్వలేదు. కైలాసం ఆ దారిన పోయినప్పుడల్లా దశరథం దాని మీద అరచేత్తో తట్టేవాడు.

"నీ జాగ ఖాళీగనే ఉన్నదిరా. ఆ ఇనుము ఆగిన నాడు సీదా ఇటే రా. మొహమాటపడకు."

"ఆగినప్పుడు వస్త లే అన్నా" అనేవాడు కైలాసం. మనసులో మాత్రం అరచేయి పరుపు మీద పడ్డ ఆ చప్పుడు చాలాసేపు ఉండిపోయేది. పదమూడో ఏట నుంచి ఆ పరుపు మీద కూర్చుని మడతపెట్టిన బట్ట అంతా విప్పి పరిస్తే తాండూరు నుంచి వికారాబాదు దాకా వస్తుందని అతని లెక్క. ఇంకొక్క చీర కూడా మడతపెట్టకూడదన్నదే అతని పట్టుదల.

అన్న కొనిచ్చిన ఇంజనుతో గిర్ని పెట్టాడు. గిర్ని అంటే జొన్నలు, గోధుమలు పిండి పట్టే మర. పొగ గొట్టం చివర ఒక రేకు డబ్బా బోర్లించాడు. పొగ ఎగదన్నినప్పుడల్లా డబ్బా లేచి పడి, కుక్కు కుక్కు కుక్కుమని మోగేది. ఆ రోజుల్లో ఏ గిర్నికైనా అదే గంట. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఆ చప్పుడు వింటే గిర్ని నడుస్తోందని తెలుసుకుని, గింజల మూట నెత్తికెత్తుకుని బయలుదేరేవాళ్లు. చప్పుడు లేకపోతే ఇసుర్రాయి ముందు కూర్చునేవాళ్లు. కైలాసానికి గాలి వాటం చూడటం అలవాటైంది. గాలి దౌల్తాబాదు దిక్కు తిరిగిన రోజు ఆ దిక్కు నుంచి జనం వచ్చేవాళ్లు.

అయిదేళ్లు అలా నడిచింది. కైలాసం పొద్దున్నే హ్యాండిలు తిప్పి, ఇంజను అందుకున్న క్షణాన ప్రతిరోజూ నవ్వేవాడు. అతని భార్య పుష్పమ్మ అది గమనించి, "పెండ్లినాడు గూడ ఇంత నవ్వలే" అనేది.

ఆరో ఏడు వానాకాలం చివర్లో కుల్కచర్ల నుంచి వడ్ల బాలప్ప వచ్చాడు. ఇరవై అయిదేళ్ల వడ్రంగి. సంచిలోంచి చెక్కతో చేసిన చిన్న రంగులరాట్నం తీసి గిర్ని అరుగు మీద పెట్టి, దారం చుట్టిన ఇరుసు లాగాడు. బొటనవేలంత గుర్రాలు, నెమళ్లు గిర్రున తిరిగాయి.

"జాతరలల్ల మనుషులు నూకే రాట్నాలు చూసినవ్ గద సేటు. నాలుగు చుట్లకే నూకేటోళ్లకు ఆయాసం. అదే ఇంజను తిప్పితే?" అన్నాడు బాలప్ప.

"ఇంకోసారి లాగు" అన్నాడు కైలాసం.

బాలప్ప లాగాడు.

"ఇంకోసారి."

జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు వరుసలో నిలబడి విసుక్కుంటున్నారు. కైలాసం అరుగు మీద బోర్లా పడుకుని, గడ్డం చేతుల మీద ఆనించి, ఆ గుర్రాలతో పాటు కళ్లు తిప్పుతున్నాడు.

"కట్టె నాది, పని నాది. ఇంజను కొనేంత తాకతు నాకు లేదు" అన్నాడు బాలప్ప. "కార్తీకంల అనంతగిరి జాతర. నీ ఇంజను ఇస్తే వచ్చిన దాంట్ల సగం నీకు."

"గిది కొనాల్నా? ఇగో, ఉన్నది గద" అన్నాడు కైలాసం, నడుస్తున్న ఇంజను వైపు చెయ్యి చూపించి.

సాయంత్రం పుష్పమ్మకు చెప్పాడు. ఆమె చాటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"ఇంజను జాతరకు పోతే గిర్ని ఏమైతది?"

"ఆ నాలుగు దినాలు బందు."

"కార్తీకం దాటంగనే కొత్త జొన్నలు వస్తయి. ఏడాది తిండి మనకు గా నెలలల్లనే. స్టేషను దిక్కు ఇంకెవరో గిర్ని పెడుతున్నరట. మన ఇంజను రాకపోతే గిరాకంత అటు పోతది."

"వస్తది."

"రాకపోతే?"

జవాబు ఏమిటో ఇద్దరికీ తెలుసు. అది దశరథం దుకాణంలో పరుపు మీద ఉంది.

"జాతర అయిన తెల్లారి పొద్దుగాల గిర్ని నడవాలె" అన్నది పుష్పమ్మ. "మాట ఇస్తరా?"

"ఇస్తున్న."

"మీ మాట మీద నాకు నమ్మకమే. మీ మీదనే లేదు. నేను గూడ వస్త. ఇంజనుతోనే వస్త, ఇంజనుతోనే తిరిగొస్త."

పిల్లలను తల్లిగారింట్లో వదిలి, అన్నట్టుగానే వచ్చింది. గూడ్సు బండిలో వికారాబాదుకు చేరిన ఇంజనును గోనెలు కప్పి ఎడ్లబండి మీదికి ఎక్కించినప్పుడు, దాని చక్రం పక్కన గోనె పరచుకుని గొడుగు వేసుకుని కూర్చుంది. కొండ ఎక్కుతున్న యాత్రికులు బండిని చూసి, గొడుగు కింద కూర్చున్న మనిషిని చూసి, గోనెల కింద ఉన్నది ఏ దేవుడని అడిగారు.

"మా ఇంటి దేవుడే" అన్నది పుష్పమ్మ.

అప్పటికి బాలప్ప రాట్నం నిలబెట్టి ఉంచాడు. ఇంజను నుంచి పెద్ద చెక్క చక్రానికి, దాన్నుంచి రాట్నం ఇరుసుకు బెల్టులు వేశారు. కర్రతో బెల్టును పక్కకు నెడితే రాట్నం ఆగుతుంది, ఇంజను మాత్రం నడుస్తూనే ఉంటుంది. గుర్రాలు, ఏనుగులు, నెమళ్లు బాగానే కుదిరాయి. సింహాన్ని బాలప్ప ఎన్నడూ చూడలేదు కనుక అది జూలున్న ఆవులాగా వచ్చింది. ఇంజను వేడెక్కకుండా పక్కన నీళ్ల పీపా పెట్టారు. అందులో నీళ్లు కాగినప్పుడల్లా తోడేసి చన్నీళ్లు పొయ్యాలి. ఆ పని పుష్పమ్మ తీసుకుంది. "ఇది నేను చూస్త. మీ ఇద్దరికి మతి ఉండదు" అన్నది.

మొదటి పూట రాట్నం ఎవరూ ఎక్కలేదు. జనం వచ్చి, ఇంజనును చూసి, మూడు గజాల దూరంలో ఆగిపోయారు. పక్కన చేత్తో నూకే పాత రాట్నం కిటకిటలాడుతోంది. బాలప్ప గొంతు పోయేలా పిలిచాడు. చివరికి తానే సింహం మీద కూర్చుని తిరిగి చూపించాడు. జనం చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు.

"వాళ్లు ఇది చూసే తమాషా అనుకున్నరు. మనల్ని చూసి పోతున్నరు" అన్నాడు బాలప్ప దిగులుగా.

కైలాసానికి ఏదో వెలితిగా తోచింది. చప్పుడు సరిగా లేదు. పెట్టెలో వెతికితే గిర్ని డబ్బా దొరికింది. అలవాటు కొద్దీ తీసి పొగ గొట్టం మీద బోర్లించాడు. కుక్కు కుక్కు కుక్కుమని కొండంతా మోగింది. అది వింటే అతనికి ప్రాణం లేచి వచ్చినట్టయింది.

మధ్యాహ్నం దాటాక కొండ దారి వెంట ఆడవాళ్ల బారు ఒకటి పైకి రావడం కనిపించింది. అందరి నెత్తిన మూటలు. గుడి వైపు తిరగకుండా నేరుగా రాట్నం దగ్గరికే వచ్చారు. ముందున్న పెద్దమనిషి పేరు హన్మమ్మ, కొండ కింది ఊరామె. మూట దించకుండానే అడిగింది.

"గిర్ని యాడున్నది?"

"గిర్ని లేదవ్వా. ఇది రాట్నం" అన్నాడు కైలాసం.

"మరి కుక్కు కుక్కుమన్నదేంది?"

కైలాసం డబ్బా వైపు చూశాడు. బాలప్ప కైలాసం వైపు చూశాడు. పుష్పమ్మ పీపా వెనక్కి తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

"గా డబ్బా నేనే పెట్టిన" అన్నాడు కైలాసం.

"పెట్టినవ్ గద. ఇగ పిండి పట్టు. కొండ మీద కొత్త గిర్ని వచ్చిందని ఊరూరు కదిలింది. నా యెనక ఇంకా వస్తున్నరు."

నిజమే. దారి మలుపులో ఇంకొక బారు కనిపిస్తోంది.

"రాయి లేదవ్వా. రాయి తాండూరుల ఉన్నది."

"తాండూరుల రాయి పెట్టుకొని అనంతగిరిల ఇంజను తిప్పుతున్నవ్? నీకేమన్న తిక్కనా?" హన్మమ్మ మూట దించి దాని మీదే కూర్చుంది. "మోకాళ్లు అరిగిపోయేటట్టు ఎక్కి వచ్చిన. ఊకె దిగిపోను."

అప్పుడు పుష్పమ్మ ముందుకు వచ్చింది. "ఊకె ఎందుకు పోతవ్ అత్తా. వచ్చినవ్ గద, ఎక్కి తిరుగు. నీ కష్టానికి జర నవ్వన్న వస్తది. పైసలు అక్కర్లేదు. దోసెడు జొన్నలు పెట్టు."

గిర్నిలో పిండి పట్టినందుకు గింజలు తీసుకోవడం వాళ్లకు అలవాటే. హన్మమ్మ దోసెడు జొన్నలు గోనె మీద పోసి, మిగిలిన మూటను ఎవరి చేతికీ ఇవ్వనని, ఒళ్లో పెట్టుకుని సింహం ఎక్కింది. ఆమె వెనక తక్కినవాళ్లు ఎక్కారు. ప్రతి గుర్రం మీదా, ప్రతి నెమలి మీదా ఒక ఆడమనిషి, ఆమె ఒళ్లో ఒక మూట.

కైలాసం బెల్టును చక్రం మీదికి నెట్టాడు.

మొదటి చుట్టుకు ఎవరూ మాట్లాడలేదు. రెండో చుట్టుకు ఒకామె "ఓయమ్మో" అన్నది. మూడో చుట్టుకు హన్మమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఒక దగ్గర మొదలై, తిరిగి వచ్చేసరికి ఇంకొంచెం పెద్దదై, మళ్లీ పోయి మళ్లీ వచ్చింది. కొంగులు విప్పారి గాలిలో లేచాయి. ఎవరిదో మూట ముడి వదులై జొన్నలు చుట్టూ జల్లుగా ఎగిరాయి. కోళ్లు ఎక్కణ్నుంచో పరుగెత్తుకు వచ్చాయి.

బెల్టు తీశాక రాట్నం నెమ్మదిగా ఆగింది. ఎవరూ దిగలేదు.

"దిగుండ్రి. అయిపోయింది" అన్నాడు బాలప్ప.

"కొసరు?" అన్నది హన్మమ్మ.

"ఏంది?"

"కొసరు లేకుంట ఎట్లయ్య? శేరు కందిపప్పు కొంటే కోమటాయన పిడికెడు కొసరు పెడతడు. మూర పూలు కొంటే నాలుగు పూలు కొసరు. మేం దోసెడు నిండ పోసినం. కొసరు చుట్లు తిప్పు."

బాలప్ప కైలాసం వైపు తిరిగాడు. కైలాసం కోమటి ఇంట్లో పుట్టినవాడు. కొసరు లేదని చెప్పడం అతనికి నోరు తిరగని పని. బెల్టు మళ్లీ నెట్టాడు.

ఆ తర్వాత రెండు రోజులు అనంతగిరిలో దేవుడి తర్వాత రాట్నమే. కొసరు చుట్ల మాట ఊళ్లకు పాకింది. అసలు చుట్ల కంటే కొసరు చుట్లే బాగుంటాయని కూడా పాకింది. గోనె మీద జొన్నల కుప్ప పెరిగి పక్కన ఇంకో కుప్ప లేచింది. దర్శనానికి వచ్చిన ఒక పటేలు నెమలి మీద కూర్చుని, తలపాగా ఊడి ఎగిరిపోతే అది పట్టుకొచ్చేదాకా దిగననే సాకుతో ఇంకో ఆట తిరిగాడు. కైలాసం అన్నం తినడం మరచిపోయాడు. కర్రతో బెల్టు అటు ఇటు నెడుతూ, డబ్బా చప్పుడుకు తల ఊపుతూ, ఎవరేం అడిగినా "తిరుగుండ్రి, తిరుగుండ్రి" అనేవాడు. పుష్పమ్మ మాత్రం రాట్నం వైపు చూడకుండా కాగిన నీళ్లు తోడటం, చన్నీళ్లు పొయ్యడం చేస్తూనే ఉంది.

చివరి రోజు హన్మమ్మ మళ్లీ వచ్చింది. ఇంట్లో ఉన్న ఆడపిల్లలందరినీ తెచ్చింది. సింహం మీద తన పక్కన ఖాళీ చూసి పుష్పమ్మను పిలిచింది.

"ఏం బిడ్డా, లోకాన్నంత తిప్పుతవ్. నువ్వెప్పుడన్న తిరిగినవా?"

"నాకు పనున్నది అత్తా."

"నీళ్లు యాడికి పోతయి? దా."

వాళ్ల ఆడపిల్లలు ఇద్దరు దిగి పుష్పమ్మ చేతిలోంచి చెంబు లాక్కున్నారు. ఆమె వద్దు వద్దంటూనే, కొంగు నడుముకు దోపుకుని ఎక్కింది.

కైలాసం భార్యను సింహం మీద చూశాడు. అంతకు ముందు అతను తిప్పినదంతా వేరు, ఇప్పుడు తిప్పింది వేరు. మొదటి చుట్టుకు ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత ఒక కన్ను తెరిచింది. ఆ తర్వాత అతని ముందు నుంచి పోయినప్పుడల్లా ఏదో ఒకటి అంటూ పోయింది. "జర మెల్లగ" అన్నది. మరుచుట్టుకు "మెల్లగ ఎందుకు" అన్నది. ఆ పై చుట్టుకు ఏమీ అనలేక నోరు తెరిచి నవ్వుతూ, జుట్టుముడి విడిపోయి, అతని వైపు చెయ్యి చాచి పోయింది. ఆట అయిపోయింది. కొసరు చుట్లు అయిపోయాయి. కొసరుకు కొసరు అడిగింది ఎవరో కాదు, పుష్పమ్మే. కైలాసం తిప్పుతూనే ఉన్నాడు.

డబ్బా చప్పుడు తడబడింది. కుక్కు, కుక్కు, తర్వాత ఒక ఖాళీ, తర్వాత ఇంకొక కుక్కు. గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చింది. ఇంజను లోపల ఏదో గట్టిగా గీరుకుని, పెద్ద చక్రం కొట్టినట్టుగా ఆగిపోయింది.

"నీళ్లు" అన్నది పుష్పమ్మ, ఇంకా తిరుగుతున్న రాట్నం మీద నుంచి.

ఆడపిల్లలు చెంబు పట్టుకుని రాట్నాన్నే చూస్తున్నారు. పీపా బుసబుసమని కాగుతోంది. నీళ్లు సగానికి దిగాయి. పుష్పమ్మ రాట్నం ఆగకముందే దూకి బిందె అందుకుంది. కైలాసం అడ్డం వచ్చాడు.

"ఇప్పుడు పొయ్యకు. ఇనుము పగులుతది."

అతను చక్రం పట్టుకుని కదిలించి చూశాడు. కదల్లేదు. కాలితో తన్నాడు. కదల్లేదు. గిర్నిలో ఒక మూటకూ ఇంకో మూటకూ మధ్య ఇంజను కాస్త ఊపిరి పీల్చుకునేది. ఇక్కడ కొసరు మీద కొసరు, దానికి ఊపిరి ఆడలేదు. కైలాసానికి అరచేత్తో పరుపు మీద తట్టిన చప్పుడు చెవి పక్కనే వినిపించింది. తెల్లవారితే గిర్ని నడవాలి.

పుష్పమ్మ బిందె పట్టుకునే నిలబడి ఉంది.

జనానికి మాత్రం ఇదేమీ పట్టలేదు. గింజలు పోసినవాళ్లు, తమ వంతు కోసం నిలబడ్డవాళ్లు గుమిగూడారు. హన్మమ్మ దిగి, పైట బిగించి, రాట్నం కొయ్యను పట్టుకుంది.

"ఇంజనుకు ఆయాసమొస్తే మనకేమైంది? నూకుండ్రి."

నూకారు. దిగినవాళ్లు నూకారు, నూకినవాళ్లు ఎక్కారు. పటేలు కూడా తలపాగా తీసి నడుముకు కట్టుకుని నూకాడు. బాలప్ప వాళ్ల ముందు పరుగెత్తుతూ అరుస్తున్నాడు. నూకిన చుట్లు ఎన్నో కొసరు ఎన్నో ఎవరికీ తెలియలేదు. కైలాసం ఇంజను పక్కన కూర్చుని ఆ దృశ్యం చూసి, ఆపుకోలేక నవ్వాడు. నవ్వినందుకు సిగ్గుపడి పుష్పమ్మ వైపు చూస్తే, ఆమె పెదవి కూడా కదులుతోంది.

సాయంత్రం ఇంజనును బండి మీదికి ఎక్కించారు. జొన్నల మూటల్లో సగం బాలప్పవి, సగం వీళ్లవి. బాలప్ప తన సగం కూడా వీళ్ల బండి మీదే పెట్టబోయాడు.

"నీ ఇంజను పోయింది సేటు. ఇది ఉంచుకో."

"సగం అంటే సగమే. పోయిందో లేదో తెల్లారి తెలుస్తది" అన్నాడు కైలాసం.

గూడ్సు పెట్టెలో ఇంజనుకు చెరో పక్క ఇద్దరూ కూర్చున్నారు. రైలు కుదుపులకు ఇనుము చల్లారుతూ ఉండుండి టిక్కుమంటోంది. ధారూరు దాటాక కైలాసం చక్రం మీద చెయ్యి వేసి, గట్టిగా నెట్టాడు. జానెడు కదిలింది. చెయ్యి తీయలేదు. కాసేపటికి అటు పక్క నుంచి పుష్పమ్మ చెయ్యి కూడా చక్రం మీదికి వచ్చింది. ఆమె నెడితే చక్రం అతని వైపుకు జానెడు వచ్చింది.

తెల్లవారేసరికి ఇంజను గిర్నిలో పాత దిమ్మె మీద ఉంది. జాతరకు పోయిన గిర్ని వచ్చిందని తెలిసి, చప్పుడు ఇంకా రాకుండానే, గల్లీలోని ఆడవాళ్లు గింజలతో వచ్చి నిలబడ్డారు. కైలాసం లోపల నూనె పోశాడు, పీపా నిండా నీళ్లు నింపాడు. హ్యాండిలు తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గింది. మళ్లీ తిప్పాడు. ఊరికే గాలి వచ్చింది. చొక్కా విప్పేసి, కాళ్లు ఎడం చేసి, ఒళ్లంతా బిగించి ఇంకోసారి తిప్పాడు.

ఫట్‌మన్నది. ఆగుతుందేమో అన్నట్టు తడుముకుని, మళ్లీ ఫట్‌మని, అందుకుంది. లోపల ఎక్కడో టక్కుటక్కుమని కొత్త చప్పుడొకటి తోడైంది. అది తర్వాత ఎన్నేళ్లకూ పోలేదు. పొగ కైలాసం మొహం మీదికే వచ్చింది.

ఆ తర్వాత పదేళ్లలో అతని దగ్గరికి చాలామంది వచ్చారు. పల్లికాయలు ఒలిచే యంత్రం చేస్తానని ఒకరు, చెరకు పిండే మరకు ఇంజను కావాలని ఒకరు, తాండూరు బండలను అద్దంలా నున్నగా చేసే చక్రం కనిపెట్టానని ఒకరు. అరుగు మీద చెక్కతోనో రేకుతోనో చేసిన బొమ్మ పెట్టి తిప్పి చూపిస్తే, కైలాసం బోర్లా పడుకుని చూసేవాడు, ఇంకో ఇంజను కొనిచ్చేవాడు. సగం వాళ్లకు, సగం తనకు. పల్లికాయల యంత్రం గింజలను పిండి చేసింది. బండల చక్రం మాత్రం నిలబడింది. పంతొమ్మిది వందల అరవై మూడు నాటికి తాండూరు, వికారాబాదుల మధ్య రైల్లో పోతూ కిటికీలోంచి చూస్తూ, ఏ దిక్కు పొగ లేచినా ఇది మనదేనా అని భార్యను అడిగేవాడు.

ఆ పొద్దున మాత్రం అవేవీ లేవు. ఉన్నది ఒకటే ఇంజను, అది నడుస్తోంది. కైలాసం నల్లటి మొహంతో దాని ముందు నిలబడి నవ్వుతున్నాడు. పుష్పమ్మ మొదటి మూట విప్పి జొన్నలు గిర్ని తొట్టిలో పోసింది. పోస్తూ, చప్పుడులో వినబడేలా అతని చెవి దగ్గరికి వంగింది.

"వచ్చే కార్తీకానికి బాలప్పకు ఇంకో ఇంజను చూడుండ్రి."

కైలాసం తను సరిగా వినలేదేమో అనుకున్నాడు.

"నీళ్లకు వేరే మనిషిని పెట్టుండ్రి" అన్నది ఆమె. "నేను రాట్నం ఎక్కుత."